డిక్కీలో దొర్లిన కొబ్బరికాయ

తాళంచెవి దుర్గం చెరువు అడుగున ఉంది, నా సర్టిఫికెట్లు డిక్కీలో ఉన్నాయి, నేను ఆ డిక్కీకి ఇవతల పాత ఫియెట్ కారు వెనక సీట్లో చేతులు కట్టుకుని కూర్చున్నాను, ఈయనేమో ఈ ముసలి బండి దారిలో ఆగితే అసలుకే మోసమని, తాళాలు తీసేవాణ్ణి వెంటబెట్టుకొస్తానని ఆటో ఎక్కి బాలానగర్ పోయారు. పదకొండు లోపల రావాలి. రారు. రాలేనని ఆయనకూ తెలుసు, అయినా వెళ్ళేముందు "కంగారు పడకు ఉమా, ఇట్టే వచ్చేస్తాను" అని నాతో అన్నారు. అని ఊరుకోక, కారు వెనక్కి వెళ్ళి, ఎంత లాగినా రాని ఆ డిక్కీ పిడిని జేబురుమాలుతో తుడిచి, దాన్ని కూడా ఓదార్చినట్టు రెండుసార్లు తట్టి మరీ వెళ్ళారు. పెళ్ళాం ఇంటర్వ్యూ పోతే ఇంకో ఇంటర్వ్యూ వస్తుంది, పిడి ఊడితే ఇంకో పిడి దొరకదు, యాభై ఎనిమిది మోడల్ కదా. తప్పు, అలా అనకూడదు. ఆయన ముఖం చూస్తే జాలేసింది. తన కారు తాళంచెవిని తన చేతులతోనే, అదీ కళ్ళు మూసుకుని, అమ్మవారి శ్లోకం చదువుతూ చెరువులో వేసిన మనిషి ముఖం ఎలా ఉంటుందో అలాగే ఉంది.

ఎవరినీ అనడానికి లేదు, అదే చిక్కు. మా అత్తగారి పేరు బాలాత్రిపురసుందరి. నవరాత్రుల్లో మొదటి రోజు అలంకారం పేరే ఆవిడ పేరు, అందుకని ఆ తొమ్మిది రోజులూ ఇంట్లో శాసనం ఆవిడదే. ఆయుధపూజకు ఇంట్లోని తాళంచెవులన్నీ అమ్మవారి పీఠం మీదికి చేరాలి. ఉద్వాసన చెప్పేదాకా వాటిని కదపకూడదు. తప్పనిసరై తీస్తే లెంపలేసుకుని తీసి, పని కాగానే మళ్ళీ అక్కడే పెట్టాలి. నిన్న దసరా. ఇవాళ ఉద్వాసన. కారు ఎడమవైపు అద్దం సగందాకే లేస్తుంది, తెల్లవారినప్పటి నుంచీ జల్లు, ఫైలు తడుస్తుందని ఈయన ఉద్వాసనకు ముందే డిక్కీ చెవి తీసి, ఫైలు లోపల పెట్టి, తాళం వేసి, బుద్ధిమంతుడిలా చెవిని తెచ్చి అమ్మవారి పాదాల దగ్గరే ఉంచారు. బండి నడిపే చెవి వేరు, డిక్కీ చెవి వేరు, రెండో జత ఈ కారు మా చేతికి రాకముందే పోయింది. ఉద్వాసన అయ్యాక బండి చెవి ఒక్కటీ తీసుకున్నారు. రెండోది బంతిపూల కిందికి జారింది. మా అత్తగారు పూలు, పత్రి, అక్షింతలు అన్నీ పాత తుండులో మూటగట్టి, "కాళ్ళ కింద పడకూడదురా విశ్వం, దారిలో చెరువులో కలిపి వెళ్ళండి" అన్నారు. కలిపాం. గట్టు మీద నిలబడి నేనూ దణ్ణం పెట్టాను. ఉద్యోగం రావాలని మొక్కుకున్నాను కూడా. పూలమూట అంత తొందరగా మునిగిందేమిటా అని ఆ క్షణంలోనే అనుమానం వచ్చింది నాకు. పూలు తేలాలి కదా. అక్షింతల బరువేమోలే అనుకున్నాను. ఇత్తడి గొలుసుతో సహా చెవి అందులో ఉందని ఎవరు కలగన్నారు? చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

ఎదురుగా రోడ్డవతల గుండ్రటి పెద్ద మేడకు ఇంకా అద్దాలు బిగిస్తున్నారు. చుట్టూ బండరాళ్ళు, వాటి మధ్య ఎర్రమట్టి రోడ్డు. ఈ ఊరి పేరు మాదాపూర్. మూడేళ్ళ కిందట దీని గురించి మా నిజాంపేటలో ఎవరినైనా అడిగితే అది ఎక్కడుందని తిరిగి అడిగేవాళ్ళు. నేను వెళ్ళాల్సింది ఇవతలి మేడలోకి, మూడంతస్తులది, కింద గాజు తలుపు, తలుపు లోపల దివ్య అనే అమ్మాయి. మెడలో గుర్తింపు కార్డు, నోట్లో వేపపువ్వు కూడా తీపెక్కేంత మర్యాద. "సారీ మేడం, ఒరిజినల్స్ చూడకుండా టోకెన్ ఇవ్వలేను. లెవెన్ దాటితే ప్యానెల్ క్లోజ్ చేస్తారు, ఈ బ్యాచ్‌కి ఇదే లాస్ట్ డే" అంది. ఆ అమ్మాయి తప్పు కాదు. అమీర్‌పేటలో మూడు వారాలు కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని, ఆరేళ్ళ అనుభవం ఉన్నట్టు కాగితం పుట్టించుకుని వస్తున్నారట జనం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ పంతొమ్మిది వందలకు వెనక్కి వెళ్ళిపోతాయని లోకమంతా ఒకటే గోల, అవి సరిచేయడానికి పాత కోబాల్ తెలిసినవాళ్ళు కావాలి. పాతదంటే నాలాంటిది. ఫోన్‌లో మేనేజరు నేను పనిచేసిన యంత్రం పేరు విని, "మీరు నిజంగా దాని మీద చేశారా అండీ?" అని ఏదో పురావస్తువు దొరికినట్టు సంతోషపడ్డాడు. వెంటనే రమ్మన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా, ఇక్కడ పూజారి దివ్య.

ఒక మాట ఒప్పుకోవాలి, కారులో ఇంకెవరూ లేరు కాబట్టి. చెవి చెరువులో పడిందని తేలిన క్షణంలో నాకు గుండె జారలేదు. హమ్మయ్య అనిపించింది. పద్నాలుగేళ్ళు అవుతోంది నేను ఆ పని చేసి. అక్కడ నలుగురు కూర్చుని "ఇన్నాళ్ళూ ఏం చేశారు?" అని అడుగుతారు. ఏం చెప్పను? పిల్లల్ని పెంచాను, ఆవకాయ పెట్టాను, మిక్సీ పాడైతే విప్పి నేనే బాగుచేశాను, ఒకసారి గోడగడియారం విప్పి మళ్ళీ బిగిస్తే రెండు మరలు మిగిలాయి, అయినా అది నడుస్తోంది? ఇప్పుడైతే చెప్పక్కర్లేదు. అమ్మవారే తాళంచెవి పుచ్చుకుంది, నేనేం చేయను? రేపు అందరితోనూ ఇదే చెప్పుకోవచ్చు, నవ్వుకుంటూ, జీవితాంతం. ఎంత మంచి సాకు! పోయింది నా చేతగానితనం వల్ల కాదు, భక్తి వల్ల. ఇలా అనుకుంటున్నానని గమనించి నా మీద నాకే అసహ్యం వేసింది. ఉద్యోగం మానేసినప్పుడూ ఇంతే. ఆయనకు విజయవాడ బదిలీ అయింది, నేను రాజీనామా రాశాను. ఎవరూ రాయమనలేదు. ఎవరూ వద్దనీ అనలేదు. ఈ ఉద్యోగం ఇవాళ పోతే మళ్ళీ పిలవరు, రెండువేలు దాటితే మా పాతవాళ్ళతో పని ఉండదు, నేను ఇంకెప్పుడూ ఆ పని చేయను. అది తెలిసి కూడా హమ్మయ్య అనుకున్నాను.

ఆ పని ఎంత బాగుండేది. చల్లటి గదిలో బీరువాలంత యంత్రం, దాని ముందు చెప్పులు విప్పి నడవాలి. ఒక కార్మికుడికి ప్రతి నెలా జీతం లెక్క తప్పు వచ్చేది, పనిగంటలు సున్నా కంటే తక్కువ చూపించేది, మిగతా అందరికీ సరిగ్గానే ఉండేది. అందరూ యంత్రాన్ని తిట్టారు. నేను మాత్రం అది ఎందుకు అలా అనుకుంటోందా అని దాని వైపు నుంచి ఆలోచించాను. ఆ మనిషి ఒక్కడే ఒక తేదీన లోపలికి వచ్చి మరుసటి తేదీన బయటికి వెళ్ళే షిఫ్టు చేస్తున్నాడు. పొద్దున ఆరులోంచి రాత్రి పది తీసేస్తే ఏమవుతుంది? యంత్రం పాపం దాని లెక్క అది సరిగ్గానే చేస్తోంది. అది దొరికిన రోజు నేను బస్సులో ఇంటికొస్తూ నాలో నేనే నవ్వుకుంటుంటే పక్కనావిడ లేచి వేరే సీట్లోకి వెళ్ళింది. ఈయనకు చెబుదామని పరుగెత్తుకొచ్చాను. ఆయన విన్నారు, విని, షిఫ్టులంటే ఏమిటో నాకు వివరించారు. అంతే ఆయన. మంచి మనిషి, విడమరిచి చెప్పడం అంటే మహా ఇష్టం. కార్బరేటర్ గురించి చెప్పారు, ఈ కారుకు ముందు తలుపులు మాత్రం ఎదురు తిరిగి ఎందుకు తెరుచుకుంటాయో చెప్పారు. బాలానగర్‌లో ఏదో షెడ్డులో ఈ కారులో కోళ్ళు గుడ్లు పెడుతుంటే చూసి, బేరమాడి, రెండేళ్ళు ఆదివారాలన్నీ దానికి ధారపోశారు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని కాఫీలు అందించాను. ఈ కారులో ఏ భాగం ఎక్కడుందో నాకు ఆయన నోటి ద్వారా తెలుసు, నా చేతి ద్వారా తెలియదు.

ఢాం.

బండరాయి పేల్చారు, రోడ్డవతల. ఈ చుట్టుపక్కల ఇది మామూలే, పునాదుల కోసం. నేల ఒక్కసారి అదిరింది, కారు అదిరింది, నా వెనకాల ఏదో గడగడా దొర్లి సరిగ్గా నా నడుము దగ్గర డబ్బున తగిలింది. ఉలిక్కిపడ్డాను. కొబ్బరికాయ. మా అత్తగారిది. కొట్టని కాయ ఒకటి బండిలో ఉండాలని ఆయుధపూజనాడు ఎర్రగుడ్డ చుట్టి డిక్కీలో పెట్టారావిడ. ఆ సరే, కొబ్బరికాయ దొర్లింది, దొర్లితే దొర్లింది. కానీ ఆ చప్పుడేమిటి? రేకుకు తగిలిన చప్పుడు కాదే. రేకుకు తగిలితే ఖంగుమనాలి. ఇది మెత్తగా, అట్టపెట్టె మీద గుద్దినట్టు ఉంది. అంతేకాదు, నా వీపుకు తెలిసింది. ఇనుపగోడ అవతలి దెబ్బ వీపుకు తెలుస్తుందా?

"ఏమైంది మేడం, భయపడ్డరా? రాళ్ళు గొడ్తున్రు, రోజు గింతే" అంటూ వాచ్‌మన్ వచ్చాడు. పేరు రాములు అట, పొద్దున ఈయన కారును గేటు లోపల పెట్టించుకోవడానికి స్నేహం చేసుకున్నారు. ఈ స్థలంలో ఒకప్పుడు వాళ్ళ గొర్రెలు మేసేవట. "సార్ చెప్పిండు, తాళంచెవి చెరువుల పడ్డదంట గద. అమ్మవారి పూలతోని పోయిందంటే ఇగ అది వాపస్ రాదు. నాకొక్క మాట చెప్పుండ్రి, రాయి తెచ్చి ఒక్కటిస్త, తాళం ఊడి చేతులకొస్తది. ఫికర్ జేయకుండ్రి."

"వద్దు రాములూ, సారు ఊరుకోరు. రాయి వద్దుగానీ, నువ్వు ఒకసారి వెనక నుంచి కారును ఊపుతావా?"

"ఊపాల్నా?" అతను నన్ను ఎగాదిగా చూశాడు. "ఏందమ్మా గిట్ల, ఊపితే తాళమొస్తదా?"

"రాదు. ఊపు."

పిచ్చిదాన్ననుకుని ఉంటాడు, అయినా ఊపాడు. నేను సీటుకు చెవి ఆనించి కూర్చున్నాను. గడగడ, డబ్. గడగడ, డబ్. పక్కకు వెళ్ళినప్పుడు ఖంగుమంటోంది, నా వైపు వచ్చినప్పుడు డబ్ మంటోంది. పక్కన రేకు ఉంది. నా వెనక రేకు లేదు. అట్టే. ఈ సీటు, సీటు వెనక అట్ట, అట్ట వెనక నా సర్టిఫికెట్లు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, దారిని వీపుకు ఆనించుకుని కూర్చుని ఆయన్ను బాలానగర్ పంపించాను! నవ్వొచ్చింది. నవ్వుతుంటేనే తెలిసింది, పొద్దుటి నుంచి నన్ను పట్టుకున్న హమ్మయ్య ఎక్కడా లేదని. దాని స్థానంలో ఇంకొకటి వచ్చి కూర్చుంది, చాలా పాతది, నాకు బాగా తెలిసినది. ఇది ఎలా ఊడుతుంది? ఎవడో బిగించాడంటే ఎవడో విప్పేలాగే బిగించి ఉంటాడు. ఎక్కడ పట్టుకుని బిగించి ఉంటాడు?

ముందు కూర్చునే మెత్త. అంచుకింద చేతులు పెట్టి ఎత్తాను, కదల్లేదు. ముందుకు లాగాను, కదల్లేదు. ఎత్తి ముందుకు లాగాను, వచ్చేసింది. పక్కింటి పిల్ల పాలపన్ను వచ్చినంత తేలిగ్గా. దాన్ని బయట నేలమీద పెట్టాను. కింద పల్లీ తొక్కలు, ఒక కోడి ఈక. ఆనుకునే భాగం అడుగున రెండు మరలు, నెత్తిన గాటు ఉన్నవి. పర్సులోంచి రూపాయి బిళ్ళ తీసి గాటులో పెట్టి తిప్పితే ఒకటి తిరిగింది, రెండోది మొండికేసింది. చీర కొంగు బిళ్ళకు చుట్టి పట్టు దొరికేలా చేసి తిప్పాను. వెంకటగిరి చీర, ఇంటర్వ్యూ కోసమని ఇస్త్రీ చేయించినది, దాని సంగతి తర్వాత. రెండోది కూడా తిరిగింది. ఆనుడు భాగాన్ని పైకెత్తితే పైన కొక్కేల్లోంచి జారి వచ్చింది. దాని వెనక నల్లటి అట్ట, చుట్టూ చిన్న మేకులు. ఇక్కడ చేయి ఆగింది. ఈ అట్ట ఆయన మార్చలేదు. కారులో అన్నీ మార్చినా ఇదొక్కటీ కంపెనీవాళ్ళు బిగించినదే అని ముచ్చటపడి ఎన్నిసార్లు చెప్పారో. ఇది విరిగితే ఆయన ఏమీ అనరు. అనకుండా మూడు రోజులు దాని గురించే ఆలోచిస్తారు. పదకొండుకు ఎంతో లేదు. మా అత్తగారు శుభమని డబ్బాలో పెట్టిచ్చిన పెరుగన్నం, దాంట్లోని స్టీలు చెంచా తీశాను. చెంచా కాడ మేకు కిందికి దూర్చి పైకి మీటాను. ఒక్కొక్క మేకే వచ్చింది. ఒక మూల మాత్రం ఫటక్కున చిరిగింది. నా గుండె కూడా అక్కడ కొంచెం చిరిగింది, కానీ చెయ్యి ఆగలేదు.

"ఓర్నీ" అన్నాడు రాములు కిటికీలోంచి. "కారును కోసిన కోడి లెక్క జేసిన్రు గదమ్మా!"

"నువ్వు అటు తిరిగి నిలబడు రాములూ, నేను లోపలికి దూరుతున్నాను."

అతను మర్యాదగా అటు తిరిగాడు. నేను కొంగు నడుముకు దోపి, తల, భుజాలు, నడుందాకా ఆ కంతలోకి దూరాను. చీకటి. కర్పూరం వాసన, రబ్బరు వాసన, కోళ్ళ వాసన అన్నీ కలిసి. చేతికి ముందు కొబ్బరికాయ తగిలింది, తర్వాత స్టెప్నీ టైరు, టైరు అవతల నున్నగా నా ఫైలు. తీసుకున్నాను. పొడిగా ఉంది. ఇక వెనక్కి వచ్చెయ్యాలి, కంత చిన్నది, మోకాళ్ళు మండుతున్నాయి, గాజు తలుపు వెనక దివ్య గడియారం చూసుకుంటూ ఉంటుంది. కానీ ఎదురుగా చీకట్లో ఒక సన్నటి వెలుగు చుక్క కనపడుతోంది. అదేమిటి? తాళంచెవి దూర్చే కంత. పొద్దున మేము బయటి నుంచి గంటసేపు చూసిన కంతే, లోపలి నుంచి. ఉమా, వచ్చెయ్యి. వచ్చేస్తాను, ఒక్క నిమిషం. ఇప్పుడు చూడకపోతే ఇంకెప్పటికీ తెలియదు. వేలితో తడిమాను. బయటి నుంచి అంత భారీగా బిర్రబిగుసుకున్నది లోపల ఏముంది? ఒక చిన్న ఇనుప నాలుక, దాన్ని వెనక్కి నెట్టే ఒక స్ప్రింగు, పక్కన ఒక కడ్డీ. చెవి చేసేదల్లా ఈ కడ్డీని పక్కకు జరపడమే. అంతేనా? ఇంత దానికి చెరువు, బాలానగర్, రాయి? చెవి లేకపోతే వేలు జరపలేదా? జరిపాను. జరగలేదు. స్ప్రింగును మొదట నొక్కి పెట్టాలేమో. నొక్కిపెట్టి జరిపాను. గోరు విరిగింది. టక్ మంది.

డిక్కీ మూత పైకి లేచింది. ఎండ ఒక్కసారిగా ముఖం మీద పడింది. జల్లు ఎప్పుడు ఆగిందో కూడా నాకు తెలియదు. రాములు ఎగిరి అవతలికి దూకాడు. "లోపట్నుంచి తెరిసిన్రా! చెవి లేకుండ!" అని అరిచాడు. అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగింది. ఆటోలోంచి ఈయన దిగారు, వెనకే నడుముకు తాళాల గుత్తి వేలాడుతున్న ముసలాయన. ఈయన రెండడుగులు వేసి ఆగిపోయారు. నేలమీద సీట్లు, పక్కన మూల చిరిగిన అట్ట, దాని మీద పెరుగంటిన చెంచా, నోరు తెరిచిన డిక్కీ, ఆ డిక్కీలోంచి నా తల. కోప్పడతారనుకున్నాను. అట్టను చూశారు, చూసి దాన్ని పట్టించుకోలేదు. నేను కంతలోంచి వెనక్కి జారి, కారులోంచి దిగి, ఫైలును ఒంటికి ఆనించుకుని చీర దులుపుకుంటుంటే, ఆయన డిక్కీలోకి వంగి ఆ ఇనుప నాలుకను అటూ ఇటూ కదిపి చూసి, నావైపు తిరిగారు.

"ఉమా, ఇక్కడి నుంచి దారి ఉందని... అసలు నీకెలా తెలిసింది?"

ఆయన గొంతులో అలాంటి ప్రశ్న నేనెప్పుడూ వినలేదు. సమాధానం తన దగ్గర లేని ప్రశ్న. మా కాపురంలో అదే మొదటిసారి. చెప్పాలని నోటిదాకా వచ్చింది. రాయి పేలిన దగ్గర మొదలుపెట్టాలి, ఖంగు, డబ్, రెండు చప్పుళ్ళకూ తేడా చెప్పాలి, స్ప్రింగు చెప్పాలి. తీరిగ్గా చెప్పాల్సిన సంగతి అది.

"వచ్చాక చెప్తానండీ. పదకొండవుతోంది."

"కనీసం ఆ కడ్డీ ఎటు జరిపావో అదైనా చెప్పి వెళ్ళు" అంటూ ఆయన నా వెనకాలే మెట్లదాకా వచ్చారు. నేను ఆగలేదు. దివ్య నా చేతుల నల్లటి మరకలు చూసి కళ్ళు పెద్దవి చేసింది, ఒరిజినల్స్ చూసి టోకెన్ చేతిలో పెట్టింది. "సెకండ్ ఫ్లోర్ మేడం. లిఫ్ట్ ఇంకా స్టార్ట్ కాలేదు" అంది. మెట్లెక్కుతున్నాను. భయం లేదని కాదు, ఉంది. కానీ పైన ఆ నలుగురూ ఏం అడుగుతారో వినాలనుంది నాకు.